ప్రమీలకు నేను కట్టించిన మల్లెపూలు

దించే చోటు దొరకని హమాలీలా ఒక బరువును ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఇంట్లో దించలేను, మావారు చూస్తారు. గుళ్ళో దించలేను, పక్కనే ప్రమీల నిలబడి దండం పెట్టుకుంటూ ఉంటుంది. ఎన్నిసార్లో అమ్మకు ఫోన్ చేసి, మాట నోటిదాకా తెచ్చుకుని, చివరికి ఊళ్ళో వానలు పడ్డాయా అని అడిగి పెట్టేశాను. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఇద్దరికీ అదే మంచిది.

ముందే ఒక మాట. నేను పశ్చాత్తాపంతో కుమిలిపోతున్న మనిషిని కాను. కుమిలిపోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కళ్ళు మూసుకుని ప్రమీల ముఖం గుర్తు తెచ్చుకుంటాను. దాని వెనకాలే నా కూతురి ముఖం వస్తుంది. వెంటనే పళ్ళు బిగుసుకుంటాయి. చేసింది తప్పని తెలుసు. ఆ రోజు మళ్ళీ వస్తే చెయ్యనని మాత్రం ప్రమాణం చెయ్యలేను. ఇదేం ఒప్పుకోలు అని మీరడగొచ్చు. నా దగ్గరున్న సరుకు ఇదే. ఇంతకన్నా మేలురకం లేదు.

నేను కొట్టులో పుట్టి పెరిగిన దాన్ని. మండపేటలో నాన్నది పచారీ కొట్టు. ముందు గదిలో ఆయన పప్పులూ బెల్లమూ అమ్మితే, వెనక అరలో అమ్మమ్మ శొంఠి, పిప్పళ్ళు, మోడి, వస కొమ్ములు అమ్మేది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు సరుకు ఒక్కటే కొనేవాళ్ళు కాదు, మాట కూడా కొనుక్కుపోయేవాళ్ళు. ఏ కషాయం ఎన్నాళ్ళు తాగాలి, ఏది వేడి, ఏది చలవ, బాలింత ఏం తినొచ్చు, ఏం తినకూడదు. నేను పీట మీద కూర్చుని పొట్లాలకు దారం అందిస్తూ అవన్నీ విన్నాను. పాలు పడటానికి ఏం చెయ్యాలో విన్నాను. బిడ్డ దక్కని తల్లికి పాలు ఇంకిపోవడానికి ఏం చెయ్యాలో కూడా విన్నాను. మల్లెపూలు రొమ్ములకు కట్టుకోవాలి. వాడిపోయినకొద్దీ మార్చాలి. నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. అది అడగడానికి వచ్చిన తల్లి ముఖంలోకి అమ్మమ్మ తలెత్తి చూసేది కాదు. నేలను చూస్తూ చెప్పేది.

పెళ్ళయ్యాక మావారితో మస్కట్ వచ్చేశాను. దార్సైట్‌లో ఐదంతస్తుల బిల్డింగ్, అందులో రెండో అంతస్తు మాది. బిల్డింగంతా మనవాళ్ళే ఎక్కువ. వచ్చిన ఏడాదిలోనే నేను అమ్మమ్మ అరను ఇక్కడ తెరిచేశాను, బోర్డు లేదంతే. పిల్లలకు కడుపునొప్పి అంటే వాము. జలుబంటే మిరియాల పాలు. ఏడుపు ఆపకపోతే దిష్టి, దానికి ఉప్పూ మిరపకాయలూ. ఆసుపత్రికి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా మందుల కవరు చేత్తో పట్టుకుని నా తలుపు దగ్గర ఆగి, మీరేమంటారు అని అడిగేవాళ్ళు. నిజం చెప్పాలంటే నాకు తెలిసింది సగం. మిగతా సగం గొంతు. కొట్టువాళ్ళ పిల్లకు ఆ గొంతు ఉగ్గుతోనే వస్తుంది. ధర చెప్పేటప్పుడు తడబడితే గిరాకీ పోతుంది. వైద్యమూ అంతే.

ప్రమీల మా పై అంతస్తు. గుంటూరు వైపు పిల్ల. భర్త ఏదో ఆఫీసులో ఉద్యోగం. నాకన్నా నాలుగేళ్ళే చిన్నది, కానీ నన్ను ‘ఆంటీ’ అనేది. ఆ ఒక్క మాటకే పగ పట్టొచ్చు గానీ నేను అంత దూరం పోలేదు.

రెండువేల పద్నాలుగులో ఒక శుక్రవారం. ప్రమీల రెండేళ్ళ కూతురు మెట్ల మీద ఎదురైతే, బుగ్గ పుణికి, బూరెల్లా ఉన్నాయే నీ బుగ్గలు అన్నాను. అంతే. ఆ సాయంత్రం పిల్లకు వాంతులు, జ్వరం. రెండు రోజుల్లో తగ్గిపోయింది కూడా. కానీ ఆ రెండు రోజుల్లో ప్రమీల చెయ్యాల్సింది చేసేసింది. నా ముందు ఒక్క మాట అనలేదు. నేను విన్నది లిఫ్ట్ తలుపు ఇవతల నిలబడి.

“ఆవిడ కన్ను మంచిది కాదే. అన్ని మందులు ఎందుకు నేర్చుకుందనుకున్నావ్? కంటితో పడగొడుద్ది, చేత్తో లేపుద్ది. యాపారం!”

ఇంకో గొంతు కిలకిలా నవ్వింది.

మీ దగ్గర దాపరికం ఎందుకు, ఒక్క క్షణం ఆ మాట నాకే నచ్చింది. అంత మంచి వ్యాపారం మా నాన్నకు కూడా తట్టలేదు. తర్వాత లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కి ఇంటికి పోయాను.

ఆ తర్వాత చూడాలి. నేను వరండాలోకి వస్తే తల్లులు పిల్లల్ని కొంగు చాటుకు లాక్కునేవాళ్ళు. పిల్లల బుగ్గల మీద, అరికాళ్ళలో కాటుక చుక్కలు వెలిశాయి. కొందరికైతే కోటు గుండీలంత. నన్ను వైద్యం అడిగినవాళ్ళే, నేను నేర్పిన దిష్టి మంత్రమే, నా మీదే చదవడం మొదలుపెట్టారు. అది నేను భరించాను. గిరాకీ తగ్గిన కొట్టు నాకు కొత్త కాదు. భరించలేనిది ఇంకొకటి.

మా అమ్మాయికి ఏడేళ్ళు నిండిన పుట్టినరోజు. బిల్డింగంతా పిలిచాం. పొద్దుటి నుంచి వంటింట్లోనే ఉన్నాను. బెలూన్లు ఊదీ ఊదీ మావారికి కళ్ళు తిరిగాయి. ముగ్గురు పిల్లలు వచ్చారు. ముగ్గురికీ చుక్కలు. ఇద్దరిని కేకు కొయ్యకముందే తల్లులు వచ్చి తీసుకుపోయారు. మా అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా తొంగి చూసింది. ఆఖరికి తలుపేసి, నా దగ్గరికొచ్చి, నా రెండు చెంపలూ పట్టుకుని ముఖం కిందికి వంచుకుంది.

“అమ్మా, నీ కంట్లో ఏదో ఉందంట. చూపించవా?”

చూసింది. చాలాసేపు చూసింది. ఏమీ కనబడలేదని చెప్పింది.

ఆ రోజు నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేదేమో. దాచుకున్నాను. ముక్కిపోకుండా వేపాకు వేసి బియ్యం దాచినట్టు, ప్రమీల మీద కోపాన్ని ఏడాదిపాటు జాగ్రత్తగా దాచాను.

తర్వాతి ఏడాది వేసవికి ప్రమీలకు నెలలు నిండుతున్నాయి. ఒక మధ్యాహ్నం బెల్లు మోగితే తలుపు తీశాను. పొట్ట పట్టుకుని, ఆయాసపడుతూ ప్రమీల నిలబడి ఉంది.

“అక్కా,” అంది.

ఆంటీ పోయి అక్క వచ్చింది. నేను లోపలికి రమ్మనలేదు. చెప్పనిచ్చాను. ఆమెకు తల్లి లేదు, పెళ్ళికి ముందే పోయింది. పురుడు పొయ్యడానికి రావలసిన అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. పెద్దదాని పురుడు ఇండియాలో అయింది, అప్పుడు అన్నీ అత్తగారే చూసుకుంది కాబట్టి తనకు ఏమీ తెలియదు. బిల్డింగులో ఇంకెవరినడిగినా నా పేరే చెప్పారట. నన్ను దిష్టికళ్ళదాన్నని నమ్మినవాళ్ళే, బాలింతను చూసుకోవడానికి నాకన్నా ఎవరూ లేరని కూడా నమ్మారు. మనవాళ్ళ నమ్మకాల్లో ఉన్న సుఖం ఇదే, ఒకదానికొకటి అడ్డు రావు.

నేను బేరం పెట్టాను. బేరం లేకుండా నాకు ఏదీ చేతకాదు. పిల్లకు పేరు పెట్టే రోజున, బిల్డింగు వాళ్ళందరి ముందూ, మొట్టమొదట నా ఒళ్ళో పెట్టాలి అన్నాను. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు తెలిసింది. ముఖం ఎర్రబడింది. తల వంచుకుని, అలాగే అక్కా అంది.

మంచి బేరం. ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను గెలిచినట్టే. మా నాన్న ధర దగ్గర కొనేవాడి ప్రాణం తోడేసేవాడు, కానీ ధర కుదిరాక తక్కెడ మీద వేలు ఆనించిన పాపాన పోలేదు. ఒకసారి బేరం కుదిరిందంటే ఎదుటివాడు శత్రువైనా సరుకు నిఖార్సుగా ఇవ్వాలి. కొట్టు ధర్మం అది. నేను దాన్ని తప్పాను. తిట్టినందుకు కొట్టిన మనిషిని లోకం అర్థం చేసుకుంటుంది. ధర పుచ్చుకుని, ఆపైన సరుకులో విషం కలిపినదాన్ని ఎవరు అర్థం చేసుకుంటారు?

ఆడపిల్ల పుట్టింది. మొదటి మూడు రోజులూ నేను చేసిన సేవలో వంక లేదు. బాలింతలకిచ్చే కాయం నూరి ఉండ చేసి మింగించాను. వెల్లుల్లి కారం, నేతి అన్నం నేనే కలిపి పెట్టాను. సాంబ్రాణి వేస్తే పొగకు అలారం మోగి వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఏసీ ఆపాలా అని ప్రమీల భయంభయంగా అడిగింది. బయట మస్కట్ జూన్ ఎండ. అమ్మమ్మకు ఏసీ సంగతి తెలియదు కాబట్టి ఆ విషయంలో నేనే శాస్త్రం. చెవుల్లో దూది పెట్టుకుని ఏసీ వేసుకో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అవును, నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడు నాకు నా మీదే విసుగొస్తుంది.

నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళాను. పిల్ల నిద్రపోతోంది. గుడ్డ సరిచేద్దామని ఉయ్యాల మీదికి వంగాను. మంచం మీద పడుకుని ఉన్న ప్రమీల చెయ్యి చటుక్కున లేచింది. లేచి, పిల్ల ముఖం మీద కొంగు కప్పేసింది. ఆమె కావాలని చెయ్యలేదు. చేసింది తనకే తెలిసి ఉండదు. నాతో ఏదో మాట్లాడుతూనే ఉంది. నోరు ఒప్పుకున్న బేరానికి చెయ్యి ఒప్పుకోలేదు.

నేను ఆ కొంగు వంక చూశాను. పలచటి నూలు చీర. దాని కింద పిల్ల ఊపిరి కదులుతోంది. ఏడాదిగా దాచిన బియ్యం డబ్బా మూత ఊడింది.

అప్పుడే ఆమె అంది. “అక్కా, రాళ్ళలాగా అయిపోయాయి. పెద్దదానప్పుడు ఇట్టా కాలేదు. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. ఏం చెయ్యను?”

పాలు పడే రోజుల్లో అందరికీ అలాగే ఉంటుంది. వేణ్ణీళ్ళ గుడ్డతో కాపు, పిల్లకు గంట గంటకూ పట్టడం. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ మాట నా నాలుక మీదే ఉంది.

“మల్లెపూలు తెస్తాను ఉండు,” అన్నాను.

“పూలా? ఇప్పుడు ఎవరు చూడాలక్కా నా సింగారం!”

“తలకి కాదే మొద్దూ. రొమ్ములకి కట్టాలి.”

ఆమె నవ్వు ఆగింది. నుదురు ముడిపడింది. “మా నాయనమ్మ ఏదో అనేది అక్కా. మల్లెపూలకీ పాలకీ ఏదో... చిన్నప్పుడు విన్నా. పాలు ఇంకిపోతాయనా? ఏమో, గుర్తు రావట్లా.”

ఇదీ ఆ క్షణం. ఇన్నేళ్ళుగా నేను తిరిగి తిరిగి వెళ్ళి నిలబడే చోటు ఇదే. ఆమె తలుపు తెరిచి పెట్టింది. అవునే, ఇంకిపోతాయి, నాకే పొరపాటు వచ్చింది అని నేను బయటపడిపోవచ్చు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నేను ఆలోచించలేదని మీకు చెప్పాలని ఉంది. ఆలోచించాను. ఒక గుటక మింగినంతసేపు, చాలా ప్రశాంతంగా ఆలోచించాను.

“ఇంకేది గడ్డే, పిచ్చిదానా. పాలు కాదు. గడ్డ ఇంకితే పాలు ధార కడతాయి.”

“అంతేనంటావా?”

“మా అమ్మమ్మ ఎందరికి కట్టించిందో.”

అది అబద్ధం కాదు. కట్టించింది. ఎవరికి అన్నది ప్రమీల అడగలేదు.

“మరి పిల్లకక్కా?”

“పూలు ఉన్నంతసేపూ పట్టకు. ఆ వాసన పడితే పిల్ల కక్కేస్తుంది. ఈలోగా డబ్బాపాలు పట్టు, ఏం కాదు. పొద్దున కట్టి సాయంత్రం తీసేద్దాం.”

“ఎన్నాళ్ళు కట్టాలక్కా?”

“పదిరోజులు.”

ఆమె నా చెయ్యి పట్టుకుంది. “మా అమ్మ ఉంటే ఇట్టాగే చూసుకునేది నన్ను.”

చెయ్యి విడిపించుకుని పూలకు బయల్దేరాను. రూవి బజార్లో విమానంలో దిగే పూలు అమ్మే తమిళాయన ఉన్నాడు. రోజూ తీసుకుంటానని చెప్పి, మూరలు కొన్నదానికి దోసెడు విడిపూలు కొసరు వేయించుకున్నాను. పగ తీర్చుకోవడానికి కొనే పూలకు కూడా కొసరు అడిగిన దాన్ని. ఇంట్లో పూజ ఉందా అమ్మా అని అడిగాడు. ఉందన్నాను.

రోజూ నేనే కట్టాను. తల్లిలా కట్టాను. పాత నూలుచీర చింపి, పూలు పరిచి, మడిచి, నొప్పి లేకుండా చుట్టాను. రెండో రోజుకే గడ్డలు మెత్తబడ్డాయి. ఎంత హాయిగా ఉందో అక్కా అంది. ఆ గదంతా మల్లెల వాసన. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు ఏంటే ప్రమీలా, శోభనం గదా, పురిటి గదా అని మేలమాడారు. ఎనిమిదో రోజుకు పిల్ల రొమ్ము నోట పెట్టుకుని, రెండు గుక్కలు పీల్చి, వదిలేసి, ఏడవడం మొదలుపెట్టింది. పన్నెండో రోజుకు ఆ రెండు గుక్కలూ లేవు.

ఇంకో నాలుగు రోజులకు ఆమె అత్తగారు ఫోన్ చేసింది. నేను వాళ్ళ వంటింట్లో ఉన్నాను. స్పీకర్లో వినబడింది.

“మా ఇంటా వంటా లేదమ్మా పాలు లేని తల్లి. ఊళ్ళో గేదె కూడా ఈనితే ఇస్తుంది.”

గదిలోంచి ప్రమీల వెక్కిళ్ళు వినబడ్డాయి. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెప్పనా ఏమనిపించిందో? తియ్యగా అనిపించింది. నాలుక మీద బెల్లం పెట్టినట్టు. ఇప్పుడు తెలుస్తోందా, నీ ఒంట్లో ఏదో దోషం ఉందని పదిమంది అనుకుంటే ఎలా ఉంటుందో అని లోపల ఎవరో అంటున్నారు. ఆ ఎవరో నేనే. గదిలోకి వెళ్ళి ఆమె కళ్ళు తుడిచాను. అందరికీ పాలు పడవులే, నీ తత్వం అంతే అన్నాను. ఓదార్చాను, చూడండి. కత్తి దింపి, దాన్ని కడిగి, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాను.

తర్వాత పిల్లకు విరోచనాలు పట్టుకున్నాయి. సీసా సరిగ్గా మరగలేదో, పాలు పడలేదో. ఒక్క రోజులో కళ్ళు లోపలికి పోయాయి. ఆసుపత్రిలో చేర్చారు. పాదానికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. ఆ పాదం నా బొటనవేలంత ఉంది. నేను వరండాలో కుర్చీలో కూర్చుని దేవుడితో బేరమాడాను. అలవాటు కొద్దీ తక్కువ నుంచే మొదలుపెట్టాను. ఒక కొబ్బరికాయ. మధ్యాహ్నానికి పదకొండు. నర్సు ఇంకో సీసా సెలైన్ తెచ్చినప్పుడు నా తలనీలాలు. సాయంత్రానికి, నిజం ఒప్పుకుంటానని మొక్కుకున్నాను. నాలుగు రోజులకు పిల్ల తేరుకుంది. కొబ్బరికాయలు కొట్టాను. తిరుపతి వెళ్ళి గుండు చేయించుకున్నాను. ఒప్పుకోవడం మాత్రం ఎగ్గొట్టాను.

బారసాల ఆలస్యంగా జరిగింది. ప్రమీల మాట తప్పలేదు. అందరి ముందూ పిల్లను తెచ్చి మొదట నా ఒళ్ళో పెట్టింది. ఈ అక్క లేకపోతే మేమిద్దరం లేము అంది. పిల్లలకు చుక్కలు పెట్టినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి నా భుజం మీద వాలి పిల్ల వేళ్ళు లెక్కపెడుతోంది. నేను కోరుకున్నదంతా ఆ గదిలో ఉంది. అప్పుడు పిల్ల నా వైపు తిరిగింది. ముక్కుతో, పెదాలతో నా జాకెట్టు మీద వెతకడం మొదలుపెట్టింది. పసిపిల్లలు ఎవరెత్తుకున్నా వెతుకుతారు, తెలుసు. అందరూ నవ్వారు. నేను పిల్లను గబుక్కున దాని తల్లికి ఇచ్చేశాను. ఇచ్చేశాక గానీ అర్థం కాలేదు, అక్కడా ఏమీ లేదని.

అప్పటి నుంచి నాతో నేను ఒక వాదన పెట్టుకున్నాను. అసలు పూలకు పాలు ఇంకించే శక్తి ఉంటుందా? ఇవన్నీ ముసలమ్మల మాటలు కదా? వేడి, చలవ, దిష్టి, పసరు, వీటిల్లో సగం ఉత్తివే అని నాకు తెలియదా? పూలు ఉత్త పూలే అయితే నేను చేసిందీ ఏమీ లేదు. ఆమెకు పాలు పడకపోవడం ఆమె ఖర్మ. ఈ వాదన చాలా బాగుండేది. ఒక్కటే చిక్కు. అమ్మమ్మ మాట నిజమైతే నేను పాపిని. అబద్ధమైతే, ఇన్నేళ్ళుగా బిల్డింగంతటికీ గొంతు అమ్ముకుని బతికిన మోసగత్తెను. ఏది ఒప్పుకుంటే తక్కువలో పోతుందా అని లెక్కలు వేసుకుంటూ కొన్నాళ్ళు గడిపాను.

తేల్చుకుందామని నాలుగో అంతస్తులో ఉండే కరుణ సిస్టర్‌ని కదిపాను. భీమవరం ఆవిడ, ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మెట్ల దగ్గర పట్టుకుని, ఎవరో అడిగారన్నట్టు అడిగాను. ఆవిడ నవ్వింది.

“మీ కొట్టు మందులు నన్నడుగుతారేంటక్కా! మా అమ్మా కట్టేదండి మల్లెపూలు. పనిచేస్తాయో లేదో నాకు తెలీదు. కానీ పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లకి పట్టకపోతే పాలెందుకుంటాయండీ? తీసేకొద్దీ ఊరతాయవి. తియ్యడం మానేస్తే ఒళ్ళు అక్కర్లేదనుకుంటది.”

అంతే. రెండు నిమిషాల్లో నా వాదన కూలింది. పూలు ఏం చేశాయో దేవుడికెరుక. పట్టవద్దు అన్నది నేను. ఆ మాట అమ్మమ్మది కాదు, ముసలమ్మలది కాదు. నా సొంత సరుకు.

అప్పుడైనా చెప్పానా? లేదు. పాలిచ్చే వయసు దాటిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఆ పిల్ల నడిచింది, మాట్లాడింది, బడికి వెళ్ళింది. నన్ను పెద్దమ్మా అంటుంది. ప్రమీల ప్రతి ఏడాదీ ఆవకాయ జాడీలో మొదటి గిన్నె నాకే పంపుతుంది. ఆమె నాకు ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. నా కన్ను గురించి తను అన్నది ఆమెకు గుర్తుందో లేదో కూడా తెలియదు. అదీ నాకు మంటే. తప్పు చేసి మరిచిపోయి హాయిగా ఉంది. నేను చేసి, మరవలేక చస్తున్నాను. పగలో కూడా నాకే నష్టం వచ్చింది.

మొన్న ఒక ఫోన్ వచ్చింది. మస్కట్ శివార్లలో, అల్ ఖౌద్‌లో ఉండే స్వాతి అని, ప్రమీల భర్త తరఫు బంధువుల పిల్ల. తొలికాన్పు. పుట్టి ఐదు రోజులు.

“అక్కా, ప్రమీలక్క మీ నంబరిచ్చింది. గడ్డలు కట్టేసి చచ్చిపోతున్నా. మల్లెపూలు కట్టుకుని, పిల్లకి పట్టకుండా ఉంటే పాలు ధార కడతాయంటగా? మావారు పూల కోసం రూవి బయల్దేరారు. ఎన్ని మూరలు కావాలి?”

నా మాట. అక్షరం పొల్లుపోకుండా నా మాట. ఇన్నేళ్ళలో అది పెరిగి పెద్దదై, ఇల్లిల్లూ తిరిగి, పాతకాలం నాటి శాస్త్రమై నా దగ్గరికే వచ్చింది. ఇంకెందరికి చెప్పిందో ప్రమీల.

అయినా చూడండి, మొదట నోటికొచ్చింది కొట్టు మాటే.

“నీ ఒంటికి పడవమ్మా అవి. వేణ్ణీళ్ళ కాపు పెట్టి, గంటకోసారి పిల్లకు పట్టు.”

“మరి ప్రమీలక్కకి కట్టారుగా?”

“ఆమెకు పాలు పోయాయిగా.”

“అది పూల తప్పు కాదంట. నా ఒళ్ళే అంత, గొడ్డుబోయిన ఒళ్ళు అని చెప్పింది. మీరు ఎంతో చేశారంట పాపం.”

గొడ్డుబోయిన ఒళ్ళు. ఇన్నేళ్ళుగా ఆమె తన గురించి అలా అనుకుంటోంది. అద్దం ముందు నిలబడి అలా అనుకుంటోంది. నేను ఆమెకు అంత శిక్ష వేశానని నాకు తెలియదు. ఆమె నన్ను ఒక ఏడాది దోషిని చేసింది. నేను ఆమెను ఆమె చేతే, జీవితాంతం దోషిని చేయించాను.

“కాదు స్వాతీ,” అన్నాను. “ఆమె ఒంట్లో ఏమీ లేదు. పాలు ఇంకిపోవడానికే కట్టిస్తారు మల్లెపూలు. పిల్లకు పట్టవద్దని చెప్పింది కూడా నేనే.”

ఆమె పిల్లను పక్కకు పడుకోబెట్టిన చప్పుడైంది.

“తెలీక చెప్పారా అక్కా?”

మంచి పిల్ల. నేను అడక్కుండానే ధర తగ్గించింది. ఊ అంటే చాలు, అక్కడికి తెగిపోతుంది. తెలియక పొరపాటు పడిన మనిషినవుతాను. అందరూ జాలిపడతారు.

“తెలిసే చెప్పాను,” అన్నాను. “కావాలనే.”

అవతల పిల్ల ఏడుపు వినిపించింది. స్వాతి ఫోన్ పెట్టేసింది.

ఇది జరిగి మూడు రోజులైంది. ఈపాటికి ప్రమీలకు తెలిసే ఉంటుంది. పైనుంచి అడుగుల చప్పుడు వినబడుతోంది, కిందికి మాత్రం దిగి రాలేదు. వస్తే తిడుతుందేమో, కొడుతుందేమో, గుమ్మంలో నిలబడి ఊరికే చూస్తుందేమో. క్షమించమని అడగను. అడిగే ముఖం నాకు లేదు, అడగాలనీ లేదు. నా కూతురికి ఆమె చేసింది నేను క్షమించలేదు, ఆమె నన్ను ఎందుకు క్షమించాలి? కానీ ఆమె నోరు తెరిచేలోగా నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. ముందుగా ఇక్కడ రాసి చూసుకుంటున్నాను, అప్పుడు తడబడకుండా ఉండాలని.

ప్రమీలా, నీ ఒంట్లో పాలుండేవి. నేనే ఇంకించాను.